పెద్ద గడి అక్షరాలు

జానకిరామయ్య ప్రెస్సు నించి సీసపు అక్షరాల టైపు కట్టలు తెచ్చుకున్న రోజు యోబు మధ్యాహ్నం అన్నం తినలేదు. నరసరావుపేట స్టేషను రోడ్డులో తన చిన్న ప్రెస్సు ఉన్న రేకుల కొట్టం తలుపు తీసి, గోనెసంచి బల్ల మీద దించి, ముందు చేతులు కడుక్కున్నాడు. కొత్త టైపును సిరా చేతులతో ముట్టుకోకూడదని అతనికి ఎవరూ చెప్పలేదు. కొత్త టైపు అతని చేతికి ఎప్పుడొచ్చింది గనక చెప్పడానికి?

అక్క ఎస్తేరు సత్తుగిన్నెలో అన్నం పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"మూడు నెల్లు కాచుకుంటివి. ముద్ద తినేదాకా ఆగలేవంటరా?"

"ఆగలేనక్కా."

కట్టకు చుట్టిన దారం కత్తిరించలేదు. ముడి విప్పాడు. దారం కూడా పనికొస్తుంది. మందపు కాగితం మడతలు తీస్తే లోపల 'క' అక్షరాలు వరసగా, ఒలిచిన జొన్నగింజల్లా మెరుస్తూ కనపడ్డాయి. ఒకటి తీసి బొటనవేలి మీద నొక్కాడు. సీసం మీద తిరగేసి ఉన్న అక్షరం చర్మం మీద సరిగ్గా పడింది. తలకట్టు తెగలేదు, కడుపు పూడలేదు. అతని పాత టైపు అట్టాంటిది కాదు. ఎవరో పారేయబోతే కొన్నది. ప, వ, ష మూడూ ఒకే తీరుగా పడేవి. పెళ్ళి కార్డు అచ్చేయిస్తే పెళ్ళికొడుకు పేరు పెళ్ళికొడుకే చదువుకోలేడని బజార్లో నవ్వేవాళ్ళు.

"బాగుండయ్యా?" అంది ఎస్తేరు.

"చానా బాగుండయ్."

ఆ ఒక్క మాటే ఆ రోజు అతను మనస్ఫూర్తిగా అన్నది.

రెండో కట్ట విప్పాడు. బళ్ళో పలక మీద తప్ప ఇంకెక్కడా ఎవరూ రాయని అక్షరం అందులో ఉంది: ఌ. కట్ట నిండా అదే. మూడో కట్టలో ఙ, ఞ. నాలుగో కట్టలో ౠ. అయిదో కట్ట బరువుగా ఉంటే ఆశపడి విప్పాడు. అందులో అక్షరాలే లేవు. మాటకూ మాటకూ మధ్య ఎడం కోసం పెట్టే ఖాళీ ముక్కలు, సీసపు పెళ్ళలు. అచ్చులో పడనివి. ఆరోదీ అంతే.

అక్షరాలు పోసుకునే చెక్క పళ్ళేన్ని కేసు అంటారు. దాంట్లో గళ్ళన్నీ ఒక తీరుగా ఉండవు. ఎక్కువ వాడే అక్షరాలకు పెద్ద గళ్ళు, చేతికి దగ్గరగా. వాడనివాటికి చిన్న గళ్ళు, పై మూలల్లో. న, ల, ర, క, ద, వ, ము, డు, కి ఇవన్నీ పెద్ద గడి అక్షరాలు. యోబు కట్టలన్నీ కేసులో పోసేసరికి మూలల్లో చిన్న గళ్ళు పొంగిపోయాయి. పెద్ద గళ్ళలో అడుగు చెక్క కనపడుతోంది. 'న' అక్షరాలు చిటికెడు. 'ల' ఇంకా తక్కువ. వత్తులైతే లేనేలేవు.

అతను అక్షరాలు పంక్తిగా పేర్చుకునే స్టిక్కు చేతిలోకి తీసుకున్నాడు. మిషను చర్చి వాళ్ళ క్రిస్మసు పాటల పుస్తకం కాగితం ఎదురుగా పెట్టుకుని మొదటి పాట పేర్చడం మొదలుపెట్టాడు. రెండో పంక్తి సగానికి 'న' అయిపోయింది. మూడో పంక్తికి 'ల' అయిపోయింది. స్టిక్కు బల్ల మీద పెట్టేశాడు.

"ఏందిరా? పలకవు?"

"ఎవురూ రాయని అక్షరాలు పంపారక్కా. తూకానికి."

ఎస్తేరు గిన్నె కింద పెట్టి వచ్చి కేసులోకి తొంగి చూసింది. ఆమెకు చదువు రాదు. నిండిన గడి, ఖాళీ గడి మాత్రం తెలుస్తాయి.

"పాలిచ్చే గేదెనమ్మి గవ్వలు తెచ్చుకున్నావా?"

యోబు గిన్నె వంక చూడలేదు. కట్టలు మళ్ళీ కట్టి, గోనెలో వేసి, భుజాన పెట్టుకున్నాడు.

*

జానకిరామయ్య ప్రెస్సు పెద్ద బజార్లో. యోబు అక్కడ పదకొండేళ్ళు కంపోజింగు చేశాడు. అక్కడొక ఆచారం ఉంది. యోబులాంటివాడు పనికి వస్తే కేసుల దాకా పోవచ్చు. బేరానికి వస్తే అరుగు కింద నిలబడాలి. ఇప్పుడు బేరానికొచ్చాడు కాబట్టి కిందే నిలబడ్డాడు. అరుగు మీద కుర్చీలో జానకిరామయ్య, పక్క బల్ల మీద పత్తి వ్యాపారి గోపాలకృష్ణయ్య కూర్చుని ఉన్నారు. లోపల పనివాడు సత్తార్ అచ్చు మిషను తొక్కుతున్నాడు.

"ఏరా యోబూ, టైపు ఎట్టా ఉంది? మెరుస్తందా?"

"మెరుస్తంది. దాంట్లో అక్షరాలు లేవయ్యా."

"అక్షరాలు లేని టైపు ఏందిరా," అని గోపాలకృష్ణయ్య నవ్వాడు. "మనుషులు లేని ఊరా?"

యోబు సంచి అరుగు మీద పెట్టి కట్టలు ఒక్కొక్కటే విప్పి చూపించాడు. ఇది ఎవరూ వాడనిది. ఇదీ వాడనిది. ఇవి ఖాళీ ముక్కలు. న ఇంతే. ల ఇంతే. జానకిరామయ్య ఓపికగా చూశాడు. మునిసిపాలిటీ వాళ్ళు పన్ను అడగడానికి వచ్చినప్పుడు కూడా అంతే ఓపికగా చూస్తాడు.

"నువ్వు ఎంత బరువుకు డబ్బు కట్టావు?"

"ముప్ఫై పౌన్లకు."

"సత్తారూ, కాటా పట్టుకురా."

మిషను ఆగింది. సత్తార్ చేతులు తుడుచుకుంటూ కాటా, రాళ్ళు తెచ్చి అరుగు మీద పెట్టాడు. యోబు వంక చూడలేదు. కట్టలన్నీ ఒక తట్టలో పెట్టాడు. రాళ్ళు రెండో తట్టలో పెట్టాడు. కట్టల వైపు తట్ట కిందికి దిగి ఆగింది.

"చూశావా? తూకమే కాదు, కొసరు కూడా వచ్చింది," అన్నాడు జానకిరామయ్య. "టైపు పోతపోసే మెడ్రాసు ఫౌండ్రీ వాడు పౌను లెక్కన అమ్ముతాడు. అక్షరం లెక్కన అమ్మడు. యుద్ధం ఆగింది గానీ సీసం మీద కంట్రోలు ఆగలేదు. నీలాంటి చిన్న ప్రెస్సుకు వాడు గుండుసూదంత సీసం ఇవ్వడు. నా పేరు మీద తెప్పించి ఇచ్చా. నా మంచితనం అది."

"కట్టలు ఫౌండ్రీ వాడు కట్టినట్టు లేవయ్యా. దారం ముళ్ళు..."

"ఏరా, అంటే నేను విప్పాననా?"

బజార్లో పోయేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆగారు. గోపాలకృష్ణయ్య గొంతు సవరించుకున్నాడు.

"కాకరకాయలు కొన్నాక గింజలు తీసి తూచమంటే ఎట్టారా? సరుకుతో వచ్చింది సరుకే."

ఆగినవాళ్ళు నవ్వారు. యోబుకు చెవులు మండాయి. ఈ గోపాలకృష్ణయ్య పత్తి తడిపి తూస్తాడని పేటంతా తెలుసు. ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగాడు. అరుగు కింద నిలబడ్డవాడి మాట అరుగు ఎక్కదు.

"నా కంపోజిటరు గుంటూరు పోయాడు," అన్నాడు జానకిరామయ్య, గొంతు తగ్గించి, జాలిపడుతున్నట్టు. "కేసుల ముందు స్టూలు ఖాళీగా ఉంది. ఆ కొట్టం, ఆ అరిగిన మిషను ఎన్నాళ్ళు లాగుతావు? నీ సరుకు నా దగ్గర పడేసి వచ్చి పనిలో చేరు. పాత జీతమే ఇస్తా."

యోబు కట్టలు సంచిలో వేసుకున్నాడు. సంచి భుజాన వేసుకుని నడిచాడు. మూలమలుపు తిరిగేదాకా వెనక మిషను చప్పుడు వినపడలేదు.

*

మిషను చర్చి పాదిరి బాబూరావు అయ్యగారు ప్రూఫు కాగితం వెలుతురుకు పట్టుకుని చూశాడు. కొత్త అక్షరాలు ఉన్నంతవరకు వాడి, మిగతాది అరిగిన పాత టైపుతో నింపాడు యోబు. కాగితం బొల్లి వచ్చిన ఒళ్ళులా ఉంది. ఒక మాట నల్లగా, ఒక మాట పాలిపోయి.

"ఏందయ్యా యోబూ, ఇది."

"టైపులో మోసం జరిగిందయ్యగారూ." జరిగింది చెప్పాడు.

అయ్యగారు సానుభూతిగా తలూపాడు. ఆయనకు సానుభూతి ధారాళంగా ఉంది. యోబు భార్య గ్రేసమ్మ పోయినప్పుడు కూడా సమాధి దగ్గర గంటసేపు మాట్లాడాడు. ఆస్పత్రికి బండి అడిగిన రోజు మాత్రం ఎద్దులు అలిసిపోయి ఉన్నాయన్నాడు.

"నువ్వు మనవాడివని నీకిచ్చా. కొత్త టైపుతో అచ్చేస్తానన్నావని ఇచ్చా. గుంటూరు నించి పెద్దలొస్తారు, ఈ పుస్తకం చేతిలో పెట్టాలి. దేవుడి మాట ఇట్టాంటి అక్షరాల్లో పెడితే ఎట్టా?"

"వారం గడువియ్యండి. ఎక్కడన్నా అప్పు చేసి..."

"గడువెక్కడిది? నిన్ననే జానకిరామయ్య గారితో మాట్లాడా. ఆయన వేస్తానన్నాడు." అయ్యగారు ప్రూఫు మడిచి యోబు చేతిలో పెట్టాడు. "నీకు అన్యాయం కాకూడదని నేనే చెప్పా. ఆయన దగ్గర కంపోజిటరు లేడంట. నువ్వే వచ్చి పేరుస్తావని చెప్పా. పేజీకింతని కూలి ఇస్తాడు. పని నీ చేతుల మీదే జరుగుద్ది. ఏమంటావు?"

యోబు ప్రూఫు మడత మళ్ళీ విప్పి చూశాడు. తన పని తన చేతి నుంచి లాక్కుని, అదే పని చెయ్యడానికి తనకే కూలి ఇస్తారంట. ఇచ్చినందుకు దణ్ణం కూడా పెట్టమన్నట్టు నిలబడ్డాడు ఈయన.

"ఈ పుస్తకం బాగా వస్తే మన మిషను బడి పరీక్ష కాగితాల అచ్చుపని ఏటేటా ఎవరికివ్వాలో కమిటీలో మాట్లాడొచ్చు," అన్నాడు అయ్యగారు.

"ఎవరికిస్తారు?"

"వేసినవాళ్ళకే ఇస్తారు గదయ్యా."

"అంటే ఆయనకు."

అయ్యగారు గోడ మీద కాలెండరు చూశాడు.

వెనక్కి వచ్చేదారిలో యోబు పోకూడదనే అనుకున్నాడు. కొట్టం అద్దె ఉంది, అక్క ఉంది, పొయ్యి ఉంది. అవి కాదు అతన్ని మార్చింది. గోనెలోంచి తీసిన దారం ముక్కొకటి జేబులో ఉంది. దాన్ని వేళ్ళతో తిప్పుతూ నడిచాడు. జానకిరామయ్య ప్రెస్సులో ఉన్నప్పుడు వచ్చిన కట్టలు చూసి అతనికి తెలుసు, ఫౌండ్రీ వాడు ఒంటి ముడి వేస్తాడు. తను విప్పినవన్నీ జంట ముళ్ళు. తన అక్షరాలు మెడ్రాసులో ఆగలేదు. పేట దాకా వచ్చాయి. వచ్చి ఎక్కడో ఉన్నాయి.

"కూలికి పోతున్నావా వాడి దగ్గరికి?" అంది ఎస్తేరు తెల్లారి.

"చూడ్డానికి పోతన్నా."

"ఏం చూస్తావు?"

"కేసులు."

*

కంపోజిటరుకు కళ్ళు కాగితం మీద ఉంటాయి. అక్షరాన్ని చూసేది బొటనవేలు. ప్రతి అక్షరం ఒంటికి ఒకవైపు సన్నని గాడి ఉంటుంది. దాన్ని నిక్కు అంటారు. వేలికి నిక్కు తగిలితే అక్షరం సరిగ్గా నిలబడ్డట్టు, తగలకపోతే తలకిందులైనట్టు. జానకిరామయ్య టైపు యుద్ధానికి ముందుది. దానికి ఒకటే నిక్కు. పదకొండేళ్ళు ఆ ఒక్క గాడి మీదే యోబు వేలు బతికింది.

పాత స్టూలు మీదే కూర్చున్నాడు. మొదటి పాట పేర్చడం మొదలుపెట్టాడు. రెండో మాటలో 'న' కోసం చెయ్యి పెద్ద గడిలోకి పోయింది. తీసి స్టిక్కులో పెట్టబోతూ ఆగాడు.

వేలి కింద రెండు గాళ్ళు.

ఆ అక్షరాన్ని వెలుతురుకు పట్టుకుని చూడలేదు. చూడాల్సిన పని లేదు. అతని కట్టల్లో ఌ కి రెండు నిక్కులు, ఙ కి రెండు నిక్కులు, ఖాళీ ముక్కలకు కూడా రెండు నిక్కులు. పేట మొత్తానికి ఆ తీరు పోత ఇంకెవరికీ రాలేదు. స్టిక్కులో పెట్టాడు. ఇంకో 'న' తీశాడు. ఒక నిక్కు. ఇంకోటి. రెండు. 'ల' గడిలో చెయ్యి పెట్టాడు. రెండు, రెండు, ఒకటి, రెండు. పాయింటు సైజు ఒకటే, ఎత్తు ఒకటే. అచ్చయిన కాగితం మీద ఎవరూ పోల్చలేరు.

మధ్యాహ్నం దాకా పేరుస్తూనే ఉన్నాడు. పంక్తికి నాలుగైదుసార్లు తన అక్షరం తన వేలికే తగులుతుంటే, పరాయి ఇంట్లో తన పిల్లలు చాకిరీ చేస్తుంటే చూసినట్టుంది. జానకిరామయ్య రెండుసార్లు లోపలికి వచ్చి చూసి, "చెయ్యి మరిచిపోలేదురా నువ్వు," అని మెచ్చుకుని పోయాడు.

అన్నాల వేళ పెరట్లో రోలర్లు కడిగే తొట్టి పక్కన సత్తార్ జొన్నరొట్టె విప్పుకుని కూర్చున్నాడు. యోబు పోయి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"నా కట్టలు ఎవరు ఏరారు?"

సత్తార్ నమలడం ఆపలేదు. మింగాక చెప్పాడు.

"నేనే."

"నీకు చదువు రాదు గదా. ఏ అక్షరం తియ్యాలో ఎట్టా తెలిసింది?"

"దానికి చదువెందుకన్నా. కేసు ముందు కూర్చోబెట్టాడు. పెద్ద గడిలో ఏ బొమ్మ ఉంటే ఆ బొమ్మ నీ కట్టలోంచి గుప్పిళ్ళు తియ్యమన్నాడు. చిన్న గడిలో ఏ బొమ్మ ఉంటే అది గుప్పిళ్ళు వెయ్యమన్నాడు. మెడ్రాసు నించి ఇంకో పెట్టె వచ్చింది, దాంట్లో అయ్యే ఉన్నయ్, చవకగా. బొమ్మకు బొమ్మ చూసుకుని ఏరా."

"ఒక్క నాదేనా?"

"మాచర్లవాళ్ళదీ ఏరా. గురజాలవాళ్ళదీ ఏరా. అయ్యి వేరే సైజువి, వేరే కేసుల్లో పోశా."

చెప్పేటప్పుడు అతని గొంతులో ఏమీ లేదు. పొద్దున ఎన్ని కాగితాలు కొట్టావంటే చెప్పినట్టు చెప్పాడు. యోబుకు అదే ఎక్కువ మండింది.

"ఎందుకు ఏరావు?"

"జీతమిచ్చేవాడు ఏరమంటే ఎందుకని అడుగుతానా? పండక్కి నీ కూలి కోసినప్పుడు నువ్వడిగావా?"

"నీ జీతం మీద, నీ రొట్టె మీద నాకు జాలి లేదు. నేను గేదెనమ్ముకున్నా."

"ఉండాలని నేనడగలా," అన్నాడు సత్తార్. రొట్టెలో సగం తుంచి ముందుకు చాపాడు. యోబు తీసుకోలేదు. సత్తార్ కొంచెంసేపు చెయ్యి అట్టాగే ఉంచి, వెనక్కి తీసుకుని తిన్నాడు.

*

పుస్తకం నాలుగు ఫారాలు, ఫారం అంటే ఒకేసారి మిషనుకు ఎక్కే నాలుగు పేజీలు. మూడు ఫారాలు పేర్చడం, తొక్కడం అయిపోయింది. అచ్చయిన ఫారాన్ని విప్పి అక్షరాలను మళ్ళీ ఎవరి గళ్ళలో వాటిని వేసుకోవాలి. మామూలుగా ఆ పని గింజలు చల్లినట్టు వేగంగా సాగుతుంది. యోబు నిదానంగా వేశాడు. ఒక నిక్కు కేసులోకి. రెండు నిక్కులు పక్కన రేకు పళ్ళెంలోకి. దాచలేదు. పళ్ళెం మీద గుడ్డ కూడా కప్పలేదు. ఆ పళ్ళెం నిండుతుంటే సత్తార్ చూశాడు. ఏమీ అనకుండా ఇంకో పళ్ళెం కడిగి తెచ్చి పక్కన పెట్టి పోయాడు.

శుక్రవారం పొద్దున యోబు ఇంటి దగ్గర్నించి గోనెసంచి మోసుకొచ్చి రాతిబల్ల కింద పెట్టాడు. ఆఖరి ఫారం నాలుగు పేజీలూ బల్ల మీద ఉన్నాయి. పేజీ చుట్టూ కట్టిన తాళ్ళు విప్పేశాడు. చుట్టూ చెక్కముక్కలు పేర్చాడు గానీ ఇంకా బిగించలేదు. అట్టా ఉన్నప్పుడు పేజీని గట్టిగా చూసినా కూలుతుందంటారు ప్రెస్సుల్లో.

జానకిరామయ్య, బాబూరావు అయ్యగారు మాట్లాడుకుంటూ లోపలికి వచ్చారు. అయ్యగారు అచ్చయిన మూడు ఫారాలూ చూసి మురిసిపోతున్నాడు.

"ముత్యాల్లా ఉన్నయండీ అక్షరాలు."

"టైపు మంచిదైతే..." అంటూ జానకిరామయ్య పళ్ళేలు చూశాడు. "ఏందిరా అవి?"

"నా అక్షరాలు," అన్నాడు యోబు.

"నీవేంది?"

"నావి. రెండు నిక్కులవి. మీ టైపుది ఒక నిక్కు. మూడు ఫారాల్లోవి ఏరుకున్నా. ఇంకా మీ గళ్ళలో ఉన్నయ్. ఈ నాలుగు పేజీల్లో ఉన్నయ్. అన్నీ ఏరుకుని పోతా."

జానకిరామయ్య ముఖంలో మొదట ఏమీ కదల్లేదు. తర్వాత గొంతు లేచింది.

"పగలు దొంగతనం చేస్తావురా నా ప్రెస్సులో? సత్తారూ, పోయి పోలీసు జవాన్ను పిలువు."

సత్తార్ మిషను దగ్గర్నించి కదల్లేదు.

యోబు కాలితో గోనెసంచిని బయటికి నెట్టాడు. "ఏరుకున్నదానికి ఏరుకున్నంత మీ సరుకు ఇదిగో. ఌ, ఙ, ఞ, ఖాళీ ముక్కలు. కాటా వేసి చూసుకోండి. నా తరఫున కొసరు కూడా వేశా."

"జానకిరామయ్య గారూ," అన్నాడు అయ్యగారు, "ఈ మాట నిజమేనా?"

"వ్యాపారంలో సవాలక్ష ఉంటయండి. మీకెందుకు?"

నిజంగానే తనకెందుకని అయ్యగారికి వెంటనే తోచింది. ఆ తోచడం యోబుకు కనపడింది. అయ్యగారు రెండడుగులు ముందుకు వచ్చి యోబు భుజం మీద చెయ్యి వేశాడు.

"పండగ ముందు ఇదంతా ఎందుకయ్యా యోబూ. క్షమించు. క్షమిస్తే పెద్దవాడివవుతావు. దేవుడి పని ఆగకూడదు."

"చెయ్యి తియ్యండి అయ్యగారూ. నా చెయ్యి కదిలితే మీ పాటలు కిందపడతయ్."

అప్పుడు చూశారు ఇద్దరూ. యోబు అరచెయ్యి పేజీల పక్క చెక్క మీద ఉంది. ఆ చెక్క ఒక్కటే నాలుగు పేజీలనూ నిలబెట్టి ఉంచింది. అయ్యగారు చెయ్యి తీసేశాడు.

"జవాన్ను పిలవండి," అన్నాడు యోబు. అతని గొంతు మామూలుగానే ఉంది. చెక్క మీద చెయ్యి తియ్యలేదు. "వాడొచ్చి నన్ను లాగుతాడు. ఈ నాలుగు పేజీలు కుప్ప అవుతయ్. పేర్చడానికి గుంటూరు నించి మనిషిని తెచ్చుకోండి. వాడొచ్చేసరికి పండగ పోద్ది. లేదా నేను బిగిస్తా, సత్తారు తొక్కుతాడు, సాయంత్రం దాకా కూర్చుని నావి నేను ఏరుకుంటా. మీ అక్షరం ఒక్కటి ముట్టను."

బయట బజార్లో ఎవరో మిరపకాయల బండి తోలుకుపోతూ ఎద్దును తిడుతున్నారు. జానకిరామయ్య అయ్యగారి వంక చూశాడు. ఏటేటా వచ్చే పరీక్ష కాగితాలు ఆ తెల్ల అంగీలో నిలబడి చెమట తుడుచుకుంటున్నాయి.

"కూలి ఇవ్వను," అన్నాడు చివరికి.

"వద్దు."

"ఏరుకుని చావు."

యోబు చెక్కలు సరిచేసి, బిగించే చెక్కమేకులు పెట్టి, ఫారం బిగించాడు. బిగించేటప్పుడు ఒక్క అక్షరం కూడా జారలేదు. అయ్యగారు దేవుడికి స్తోత్రమని గొణుక్కున్నాడు. ఆ స్తోత్రం ఎవరికి చెందాలో ఆయనకు తెలుసునో లేదో.

సాయంత్రం యోబు పళ్ళేలు గుడ్డలో మూటకట్టుకుని అరుగు దిగుతుంటే లోపల జానకిరామయ్య గొంతు వినపడింది. తిట్టేది తనను కాదు. "నీ నోరే గదరా వాడికి చెప్పింది. నా ఉప్పు తిని..." తర్వాత మాటలు బజారు రొదలో కలిసిపోయాయి. యోబు ఆగలేదు. ఆగడానికి తనకు సత్తారుతో ఏం పని?

*

సోమవారం పొద్దున యోబు ఎవరూ అడగని పని ఒకటి పేర్చుకుని మిషనుకు ఎక్కించాడు. పేర్చడం, తొక్కడం, కాగితం పెట్టడం అన్నీ అతనొక్కడే. కాలు తొక్కుతుంటే చెయ్యి అదిరి కాగితం వంకరపోయేది. మూడు కాగితాలు పాడుచేశాక గుమ్మంలో నీడ పడింది.

"ఒరేయ్ యోబూ," అంది పొయ్యి దగ్గర్నించి ఎస్తేరు, "ఎవరో వచ్చి నిలబడ్డారు."

సత్తార్. చేతిలో గుడ్డ చుట్టిన టిఫిను గిన్నె ఉంది, ఎప్పటిలాగే పనికి వచ్చినట్టు.

"పనిలోంచి తీసేశాడన్నా."

"విన్నా."

"మిషను తొక్కే మనిషి కావాలేమోనని వచ్చా."

"పో," అంది ఎస్తేరు లోపల్నించే. "ఏరిన చేతులు మాకొద్దు."

సత్తార్ పోలేదు. లోపలికీ రాలేదు. పాడైన కాగితాలను చూశాడు. "మా ఇంటిది ఫాతిమా కూడా అదే అంది," అన్నాడు. "వాళ్ళ ఇంటికి పోయి ఏ ముఖంతో అడుగుతావంది. అడగకపోతే తినేదేందని నేనన్నా."

యోబు మిషను పక్కకు జరిగాడు. రమ్మని చెప్పలేదు. సత్తార్ చెప్పులు విప్పి లోపలికి వచ్చి, చక్రం చేత్తో ఒకసారి తిప్పి చూసి, ఎక్కడో నూనె చుక్క వేసి, కాలు పెట్టాడు. బరువు చూసుకోవడానికి రెండుసార్లు ఖాళీగా తొక్కాడు. ఆ పాత మిషను అంత మెత్తగా తిరగడం ఎస్తేరు ఎప్పుడూ వినలేదు. పొయ్యి ముందు నించి లేచి వచ్చి చూసింది.

"ఏం పనన్నా ఇది?"

"మాచర్ల, గురజాల, సత్తెనపల్లి. ఈ పక్క ఉన్న ప్రెస్సులన్నిటికీ పంపుతా."

"ఏముంది దీంట్లో?"

యోబు పాడైన కాగితం ఒకటి తీసి చదివాడు. గొంతు ఎత్తలేదు, దించలేదు.

"టైపు కొనే ప్రెస్సులవారికి. తూకం చూసి మోసపోవద్దు. కట్టలు విప్పి పెద్ద గడి అక్షరాలు ముందు చూసుకోండి. నరసరావుపేట పెద్ద బజారు జానకిరామయ్య గారు మనకు తెప్పించిన కట్టల్లోంచి ఆ అక్షరాలు తీయించి, పనికిరానివి వేయించి, తూకం సరిపెట్టారు. నావి నేను తెచ్చుకున్నాను. మీవి ఆయన కేసుల్లోనే ఉన్నవి. వచ్చి అడగండి. ఆయన ఏరమంటే ఏరినవాడు సత్తార్. ఇట్లు, యోబు."

సత్తార్ కాలు ఆగింది.

చక్రం ఊపు మీద ఇంకో సగం చుట్టు తిరిగి నిలిచింది. ఎస్తేరు తమ్ముడి వంక చూసింది, సత్తార్ వంక చూసింది.

"నా పేరు ఎక్కడుంది?" అన్నాడు సత్తార్.

యోబు వేలితో చూపించాడు. సత్తార్ వంగి ఆ నాలుగు బొమ్మలను చాలాసేపు చూశాడు. తన పేరు అచ్చులో చూడటం అతనికి అదే మొదలు.

"నువ్వొచ్చావని పేరు తీసెయ్యను," అన్నాడు యోబు.

"తియ్యమన్లేదు." సత్తార్ నిటారుగా లేచాడు. "ఉత్త సత్తార్ అంటే చాలదన్నా. మాచర్ల ప్రెస్సులో ఇంకో సత్తారున్నాడు. ముసలోడు. వాళ్ళు పోయి వాడి మీద పడతారు. నరసరావుపేట మిషను సత్తార్ అని వెయ్యి."

యోబు అతని ముఖంలోకి చూశాడు. అందులో దణ్ణం లేదు, కోపం లేదు. కాగితం వంకరగా పడితే సరిచెయ్యమన్నట్టు చెప్పాడంతే.

యోబు ఫారం దించి మేకులు వదులుచేశాడు. స్టిక్కు తీసుకుని పెద్ద గళ్ళలోంచి ఒక్కొక్క అక్షరం తీసి పేర్చాడు. న. ర. స. రా. వేలికి అన్నీ రెండు నిక్కులే తగిలాయి. ఆ రెండు మాటలూ సత్తార్ పేరుకు ముందు చేర్చి, పంక్తి సరిచేసి, ఫారం మళ్ళీ బిగించి మిషనుకు ఎక్కించాడు. తెల్లకాగితం తీసి అంచు మీద సరిగ్గా పెట్టాడు.

"నిన్ను క్షమించాననుకోమాక," అన్నాడు. "తొక్కు."